మొలతాడు సాక్ష్యం

శంకర రాజాకు షుగర్ లేదు. పత్తి బజారైన పంజు మార్కెట్ చుట్టుపక్కల ఈ సంగతి తెలియని వ్యాపారి లేడు. తెలియకుండా ఉండే వీలు ఆయన ఎవరికీ ఇవ్వలేదు. పెళ్లి భోజనాల బంతిలో వడ్డించేవాడు ఆయన నెరిసిన మీసం చూసి సందేహపడి లడ్డు పళ్లెం పక్కకు తిప్పితే చాలు, చెయ్యి పట్టుకుని ఆపేవాడు.

"ఏమప్పా, నన్ను చూస్తే షుగర్ మనిషి మాదిరి ఉండాదా? పెట్టు. రెండు పెట్టు."

ఆయన లెక్కలో మనుషులు రెండు రకాల సరుకు. షుగర్ ఉన్న సరుకు, షుగర్ లేని సరుకు. మొదటిదాన్ని తడి తగలకుండా, ఎండ తగలకుండా కాపాడుకోవాలి. రెండోదాన్ని ఎట్లా వాడినా చెడదు. తాను రెండో రకం కాబట్టి సాయంత్రం కొట్టు మూసి ఇంటికి వచ్చే దారిలో నూనెలో వేయించిన పరోటా రెండు, శ్రీవిల్లిపుత్తూరు మీదుగా ఎవరు వచ్చినా వారి చేతిలో ఒక పాల్కోవా పొట్లం. ఆరోగ్యం అనే మూలధనం ఉన్నప్పుడు దాన్ని మూలన పెట్టడం తెలివితక్కువ అని ఆయన అభిప్రాయం.

ఆయన వ్యాపారం గాయాలకు కట్టే గాజ్‌బట్ట. చుట్టుపక్కల మగ్గాల నుంచి తానులు తెప్పించి, తెల్లగా చలవ చేయించి, చుట్టలు చుట్టించి ఆస్పత్రులకు పంపుతాడు. ముప్పై ఏళ్లలో ఆయన బట్ట వెళ్లని ఆస్పత్రి ఆ జిల్లాలో లేదు. ఆయన మాత్రం ఏ ఆస్పత్రికీ వెళ్లలేదు. సరుకు వెళ్తే లాభం, మనిషి వెళ్తే నష్టం.

ఆయన భార్య కమలానికి షుగర్ ఉంది. ఎనిమిదేళ్ల కిందట బయటపడింది. ఆ రోజు ఒక పూట ఏడ్చి, రెండో పూట నుంచి ఆమె పనిలోకి దిగింది. పొద్దున్నే టౌన్ బస్సులు కదలకముందే వీధిలోని ఆడవాళ్లతో నడక. అన్నం గరిటెతో కొలిచి ఒక్కటి, దాని చుట్టూ కూర, మునగాకు, పప్పు. మాత్ర వేళకు మాత్ర. శంకర రాజా ఇదంతా చూసి జాలిపడేవాడు. జాలి పడుతూనే ఆమె ఎదుట కూర్చుని జిలేబీ తినేవాడు, ఇంట్లో ఒక్కరైనా బాగున్నారని ఆమెకు ధైర్యంగా ఉంటుందని.

ఇంట్లో ఇద్దరు ఉన్నప్పుడు, ఒకరు జబ్బు మనిషి, ఒకరు గట్టి మనిషి అయినప్పుడు, ఎవరి మాట చెల్లాలి? గట్టి మనిషిది. కమలం ఎక్కడికి వెళ్లాలన్నా, ఏం చేయాలన్నా ఆయన నోట ఒకే మాట వచ్చేది: "నీకు షుగర్ ఉండాది కదే." దానికి తిరుగు లేదు. ఎనిమిదేళ్లుగా ఆ నాణెం ఏ కొట్టులోనైనా చెల్లింది.

చెల్లనిది మాఘ ఫాల్గుణాల నడుమ వచ్చే మాసి నెలలో ఒక సాయంత్రం.

ఆయన నాలుగో దోసె తింటున్నాడు. కమలం పెనం ముందు నిలబడి, అటు తిరిగే చెప్పింది.

"వచ్చే పౌర్ణమికి మా నడక జట్టు వెళ్ళయమ్మాళ్ వాళ్ళు శివుని చూసేదానికి చతురగిరి ఎక్కుతారంట. నేనూ పోతా."

"ఎక్కడికి?"

"కొండకి."

"నీకు షుగర్ ఉండాది కదే."

"నాకు ఉండాది. కొండకి లేదు కదా."

శంకర రాజా దోసె ముక్క నోటి దాకా తెచ్చి ఆపాడు. ఇది కొత్త ధోరణి. "ఏమే, అది మన వీధి చివర వినాయకుని కోయిల్ అనుకున్నావా? రాళ్ళు, వాగులు, కోతులు. నడుమ కళ్ళు తిరిగి పడితే?"

"పడితే లేస్తా."

"లేవకుంటే?"

"అప్పుడు మీరు చెప్పింది నిజమైతుంది. సంతోషమే కదా?"

కమలం పుట్టిల్లు మంసాపురం. ఆ ఊళ్లో పొలం గట్టు మీద నిలబడితే పడమట ఆకాశానికి గోడ కట్టినట్టు కొండలు కనిపిస్తాయి. పత్తి ఏరుతూ వాటిని చూసింది, వేరుశెనగ పీకుతూ చూసింది. చిన్నప్పుడు అడిగితే ఆడపిల్లను పంపం అన్నారు. పెళ్లయ్యాక అడిగితే పిల్లలు చిన్నవాళ్లు అన్నారు. పిల్లలు పెద్దవాళ్లై ఎవరి దారి వాళ్లు చూసుకునే వేళకు షుగర్ వచ్చింది. నలభై ఏళ్లుగా చూస్తున్న కొండ ఒక్కసారి కూడా కాలి కింద పడలేదు. ఈ సంగతి శంకర రాజాకు తెలుసు. తెలిసినా ఆయన లెక్కలో అది పాత బాకీ. అడిగేవాళ్లు గట్టిగా అడగనంత కాలం తీర్చనక్కరలేదు.

ఈసారి గట్టిగా అడిగింది. పెనం దించి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఒక పందెం వేసుకుందాము. ఆదివారం అభిరామి వస్తాది. మనిద్దరినీ చూడనీ. మీ ఒళ్ళు నా ఒంటికంటే బాగుండాదని ఆ పిల్ల చెప్తే, నేను బతికినంత కాలం కొండ పేరు ఎత్తను."

"చెప్పకుంటే?"

"నేను కొండ ఎక్కుతా. కొండ కింద అడివి గేటు దాకా నా మూట మీరు మోస్తారు."

శంకర రాజా చాలాసేపు నవ్వాడు. వ్యాపారంలో ఇలాంటి బేరం జీవితానికి ఒకసారి తగులుతుంది: ఎదుటివాడు ఓడిపోయే పేకముక్కలు చేతిలో పెట్టుకుని తానే పందెం పిలవడం. షుగర్ ఉన్న మనిషి, షుగర్ లేని మనిషితో! ఆమె మనసు మార్చుకోకముందే చెయ్యి చాపి ఒప్పందం చేసేశాడు. సాక్ష్యానికి అప్పటికప్పుడు బావమరిది సుందర్‌కు ఫోన్ చేశాడు. నూలు బ్రోకరు సుందర్, అక్క పక్షమో బావ పక్షమో ఎప్పుడూ తేల్చి చెప్పనివాడు.

అభిరామి శంకర రాజా చెల్లెలి కూతురు. మదురైలో ఒక ఆస్పత్రిలో డాక్టరు. ఫోన్‌లో విషయం విని ముందు నవ్వింది, తర్వాత డాక్టరు గొంతుతో మాట్లాడింది.

"సరి మామా. కానీ నేను షుగర్ ఒక్కటే చూడను. ఐదు చూస్తా. నడుము చుట్టుకొలత, బి.పి., రక్తంలో షుగర్, రక్తంలో ట్రైగ్లిజరైడ్ అనే కొవ్వు, అది కాకుండా మంచి కొవ్వు అని ఒకటి ఉండాది, అది తక్కువ కాకూడదు. ఐదిట్లో మూడు చెడిపోతే దాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు."

"ఏమి సిండికేటు?"

"సిండికేటు కాదు మామా. సిండ్రోమ్."

"ఏదో ఒకటి. మీ అత్తకి షుగర్ ఉండాది కదా, అది ముందే ఒకటి పోయినట్టేనా?"

"ఆమా, అవును. మాత్రతో అదుపులో ఉన్నా సరే, పోయినట్టే లెక్క."

ఆట మొదలుకాకముందే ఎదుటి జట్టు ఒకటి పోగొట్టుకుంది. శంకర రాజా ఉత్సాహం రెట్టింపైంది. అయినా అనుభవం ఉన్న వ్యాపారి కదా, శాంపిల్ పంపే ముందు సరుకుకు మెరుగు పెట్టకుండా ఉంటాడా? ఆ వారమంతా తీపి మానేశాడు. పాల్కోవా పొట్లం వస్తే పక్కింటివాళ్లకు ఇచ్చేశాడు. పరోటా మాత్రం ఇంకొకటి ఎక్కువ తిన్నాడు. దాంట్లో తీపి లేదు కదా.

శనివారం పరగడుపున ఇద్దరూ పక్కవీధి ల్యాబులో రక్తం ఇచ్చి వచ్చారు. ఫలితాలు నేరుగా అభిరామి ఫోన్‌కు వెళ్లాయి.

ఆదివారం పొద్దున ఇంటి ముందు గది తిరునాళ్లలా ఉంది. సుందర్ వేడి వడల పొట్లంతో వచ్చి ముందు కుర్చీ ఆక్రమించాడు. పిలవకుండానే వెళ్ళయమ్మాళ్ కూడా వచ్చింది. మిల్లులో చాలా ఏళ్లు నూలు చుట్టి రిటైరైన మనిషి, కమలం నడక జట్టుకు పెద్ద. వచ్చి గడప పక్కన గోడకు ఆనుకుని నిలబడి, "ముదలాళీ, నేను సుమ్మా, ఊరికే చూసేదానికి వచ్చినా," అంది. ముదలాళి అంటే యజమాని అని అర్థం. ఆమె నోట ఆ మాట వినిపిస్తే మాత్రం గౌరవం ఎంత, ఎగతాళి ఎంత అని శంకర రాజా విడదీయలేకపోయేవాడు.

మొదట కమలం. లోపలి గదిలో కొలిచి వచ్చి అభిరామి చెప్పింది: "అత్తకి డెబ్బై తొమ్మిది సెంటీమీటర్లు. మన ఊరి ఆడవాళ్ళకి ఎనభై దాటకూడదు. పాస్."

"అంచులో ఉండాది," అన్నాడు శంకర రాజా.

"అంచులో ఉన్నా లోపలే కదా బావా," అన్నాడు సుందర్ వడ నములుతూ.

శంకర రాజా లేచి నిలబడ్డాడు. చొక్కా విప్పి కండువా భుజాన వేసుకున్నాడు. టేపు తీసిన అభిరామిని చెయ్యెత్తి ఆపాడు.

"టేపు ఎందుకు పాపా? నా దగ్గర అంతకంటే గట్టి సాక్ష్యం ఉండాది." పంచె అంచు కొంచెం కిందికి మడిచి వెండి మొలతాడు బయటికి లాగాడు. "ఇది నా పెండ్లికి మా అత్తగారు చేయించింది. ముప్పైయారు ఇంచీలు. ఆ రోజు పట్టింది, ఈ రోజూ పడుతుంది. నడుమ ఒక్క కొక్కెం కూడా మార్చలేదు. అడుగు మీ అత్తని. ముప్పై ఏండ్లలో నా నడుము ఒక్క ఇంచీ పెరగలేదు అనేదానికి ఇంతకంటే రుజువు ఏమి కావాలి?"

నిజమే, మొలతాడు అదే. కొక్కెం అదే. పంచె కట్టే మనిషికి నడుము కొలత ఇంకే దారిలో తెలుస్తుంది? ప్యాంటు అయితే గుండీ చెప్తుంది, బెల్టు అయితే చిల్లు చెప్తుంది. పంచె ఎవరికైనా సరిపోతుంది, ఏ ఫిర్యాదూ చేయదు. బతుకంతా బట్ట కొలిచిన మనిషి టేపును ఒక్కసారి కూడా తన చుట్టూ తిప్పుకోలేదు. మొలతాడును నమ్మాడు.

అభిరామి వంగి చూసింది. పెదవులు బిగబట్టింది. "మామా... మొలతాడు అదే. కానీ అది ఉండాల్సిన చోట లేదు. కిందికి జారిపోయి ఉండాది."

"జారిందా?"

"పొట్ట కిందికి పోయి దాక్కున్నది మామా. మీరు కొలిచేది మొల. నేను అడిగేది నడుము."

సుందర్ వడ పక్కన పెట్టాడు. "పాపం, అది ఏమి చేస్తాది? పైన మేడ మీద మేడ కట్టుకుంటా పోతే, కింద వాటాలోకి కాపురం మార్చుకునింది."

గడప దగ్గర వెళ్ళయమ్మాళ్ కొంగు నోట్లో కుక్కుకుంది. కమలం గోడ వైపు తిరిగింది. ఆమె భుజాలు ఊగుతున్నాయి.

"నవ్వేది తర్వాత. కొలిచేది ముందు," అన్నాడు శంకర రాజా రోషంగా. "నా టేపుతో కొలువు. ఆస్పత్రి టేపులు నేను నమ్మను."

అభిరామి ఆయన చొక్కా జేబులోని టేపు అందుకుంది. వేలితో చివరి పక్కటెముక వెతికింది, తుంటి ఎముక పైఅంచు వెతికింది, రెండింటికీ నడిమధ్య టేపు చుట్టింది. శంకర రాజా ఊపిరి లోపలికి పీల్చి పొట్టను వీపుకు అంటించే ప్రయత్నం చేశాడు. ముఖం ఎర్రబడింది.

"మామా, ఒక మాట అడుగుతా. మగ్గం వాడు తాను తెచ్చి, బట్టను బిగించి సాగదీసి కొలిచి, ఇదో ఇంత ఉండాది అంటే మీరు ఒప్పుకుంటారా?"

ఊపిరి బిగబట్టి ఉన్నందున శంకర రాజా తల మాత్రం అడ్డంగా ఊపాడు.

"ఏమంటారు వానితో?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండటం ఆయన వల్ల కాలేదు. ముప్పై ఏళ్లుగా ఎంతమందిని పట్టుకుని ఉంటాడు! "వదిలి కొలువురా అంటా," అన్నాడు. ఆ మాటతో పాటు ఊపిరీ బయటికి వచ్చేసింది, పొట్ట తన సహజ స్థానానికి చేరుకుంది, టేపు మీద అంకె కూడా తన స్థానానికి చేరుకుంది.

"నూటనాలుగు. మగవాళ్ళకి తొంభై దాటకూడదు."

సుందర్ ఓదార్పుగా అన్నాడు, "మన వ్యాపారంలో బట్టకి పన్నా, వెడల్పు ఎక్కువుంటే పార్టీలు సంతోషపడతారు కదా బావా. అట్ల అనుకోండి."

బి.పి. యంత్రం వచ్చింది. కమలానిది బాగుంది. శంకర రాజాది ఎక్కువ చూపించింది. "ఇంత నవ్వు, ఇంత గొడవ ఉంటే ఎక్కువ రాదా?" అని ఆయన ఎదురు తిరిగాడు. న్యాయమే అని అభిరామి అందరినీ నోరు మూయించి, ఆయనను కాసేపు ఊరికే కూర్చోబెట్టి మళ్లీ చూసింది. నూట నలభై రెండు, కింద తొంభై. రెండోసారి కూడా ఎక్కువే.

"ఇప్పుడు రక్తం," అంది ఫోన్ తీస్తూ. "అత్తకి షుగర్ ఒకటి పోయింది. ట్రైగ్లిజరైడ్ బాగుండాది. మంచి కొవ్వు యాభై ఉండాలి, నలభై ఆరే ఉండాది. అదీ పోయింది. మొత్తం ఐదిట్లో రెండు."

"రెండు!" శంకర రాజా కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "నాదీ రెండే కదా. నడుము, బి.పి. సమానం! ముందు నా షుగర్ చెప్పు పాపా. అందరూ వినేటట్టు చెప్పు."

"పరగడుపున తొంభై ఆరు. నూరు లోపల ఉండాలి. పాస్. మీకు షుగర్ లేదు మామా."

ఆయన నిలువునా లేచాడు. కండువా తీసి గాలిలో తిప్పాడు. "చూసినారా! ఏమప్పా సుందరూ! ఏమి వెళ్ళయమ్మా! లేదు! నాకు లేదు!"

"కూర్చోండి మామా."

"ఎందుకు?"

"ఇంకా రెండు ఉండాది."

ఆయన కూర్చున్నాడు. అభిరామి మెల్లగా చదివింది. "ట్రైగ్లిజరైడ్ నూటయాభై లోపల ఉండాలి. మీది రెండువందల ముప్పై. మంచి కొవ్వు మగవాళ్ళకి నలభై ఉండాలి. మీది ముప్పై ఐదు." ఫోన్ పక్కన పెట్టింది. "ఐదిట్లో నాలుగు పోయినాయి మామా. షుగర్ ఒక్కటే మిగిలింది."

"అది మొన్న తిన్న పరోటా అయి ఉంటాది..."

"మొన్నటిది కాదు మామా. పదేండ్లది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. శంకర రాజా టేపును వేళ్లకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నాడు. వ్యాపారంలో ఓడిపోవడం ఆయనకు కొత్త కాదు. కానీ ఏ సరుకు గురించి పదిమందిలో పూచీ ఇచ్చాడో అదే సరుకు తిరిగి వస్తే ఆ నష్టం వేరు.

"షుగర్ లేదు కదా," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "మరి నాకు ఏమైనట్టు?"

అభిరామి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఇప్పుడు ఏమీ కాలేదు మామా. మీరు లేదు లేదు అంటారే, అది రాలేదు అని మాత్రమే అర్థం. ఈ నాలుగూ చేరినాయి అంటే షుగర్ వచ్చేదానికి దారి వేస్తుండాయి. గుండెకి కూడా. అత్తకి షుగర్ ఉండాది, నిజమే. కానీ ఎనిమిదేండ్లుగా మిగతావాళ్ళని చాలావరకు గుమ్మం బయటే నిలబెట్టింది. మీరు షుగర్‌కి ఒక్కదానికి తలుపు మూసి, తక్కినవాళ్ళకి బంతి వేసి వడ్డించినారు. ఒక్కొక్కటి విడిగా వస్తే సమాళించవచ్చు. చేరి వస్తేనే కష్టం."

శంకర రాజా తల ఎత్తాడు. "ఒకసారి నూలు వ్యాపారులు నలుగురు చేరినారు. విడివిడిగా పోతే ఒక్కొక్కడు కాఫీ ఇచ్చి రేటు తగ్గించేవాడు. నలుగురూ ఒక మాట అనుకున్నాక ఎవని దగ్గరికి పోయినా అదే రేటు. మా పీక పట్టుకున్నారు. అది సిండికేటు." కాస్త ఆగి అన్నాడు, "నేను ఫోన్‌లో సరిగానే విన్నా పాపా."

అభిరామి తల ఊపింది. "ఆమా మామా. సిండికేటే. నేనే తప్పు చెప్పినా."

"అట్లాంటప్పుడు అందరితో కొట్లాడకూడదు. పెద్దవాడు ఎవడో చూసి వాన్ని విడదీయాలి. ఈ నలుగురిలో పెద్దవాడు ఎవడు?"

అభిరామి టేపు వైపు చూసింది. ఆయన కూడా కిందికి, తన ముందున్న దాని వైపు చూసుకున్నాడు.

"వాడు మెత్తబడితే తక్కినవాళ్ళు మెత్తబడతారా?"

"చాలావరకు. రేపే గుండెకి ఇ.సి.జి. తీసుకోండి, బి.పి.కి ఇక్కడి డాక్టరుని చూడండి. ఆయన సరి అన్నాక దినమూ నడక. సమంగా ఉండే నేల మీద. కొండ మాత్రం మీకు ఇప్పుడు వద్దు."

అంటూనే కమలం వైపు తిరిగింది. "అత్తా, పోయిన వారం మీరు మామూలు చెకప్‌కి మదురై వచ్చినప్పుడే గుండె, కాళ్ళు అన్నీ చూసినాము. మీ డాక్టరు కూడా సరి అన్నాడు. పొద్దున తినకుండా బయలుదేరవద్దు. మాత్ర ఎంత అనేది ఆయన చెప్పినట్టు. చేతి సంచిలో వేరుశెనగ కడలమిఠాయి, గ్లూకోస్ పెట్టుకోండి. చెమట పట్టి వణుకు వస్తే వెంటనే తినాలి."

కమలం కళ్లు పెద్దవయ్యాయి. "అంటే, షుగర్ ఉండే నేను మిఠాయి మూట కట్టుకోని కొండ ఎక్కాల. షుగర్ లేని ఈయన మిఠాయి లేకుండా కింద ఉండాల. అంతేనా?"

"అంతే అత్తా."

వెళ్ళయమ్మాళ్ కొంగు దులిపి బయలుదేరింది. "ముదలాళీ, పౌర్ణమి రోజు వ్యాను నాలుగున్నరకి. మూట గట్టిగా కట్టుకోండి."

శంకర రాజాకు చివరి మాటగా ఏదో ఒక మెలిక పెట్టాలని నాలుక దాకా వచ్చింది. కమలం ఆయన్నే చూస్తోంది. అడగడం లేదు, బతిమాలడం లేదు, చూస్తోంది. చెయ్యి కలిపిన బేరం నుంచి వెనక్కి పోతే మార్కెట్‌లో ఎవరికీ తెలియదు. ఇంట్లో ఒక్క మనిషికి తెలుస్తుంది. ఆ ఒక్క మనిషితో ఇంకా ఎన్నో ఏళ్లు వ్యవహారం ఉంది.

"నాలుగున్నర అంటే నాలుగున్నరకే రావాల," అన్నాడు. "ఆలస్యమైతే వెయిటింగ్ చార్జి నేను ఇవ్వను."

పౌర్ణమి నాడు వ్యాను శ్రీవిల్లిపుత్తూరు దాటి, వత్తిరాయిరుప్పు దాటి కొండ అడుగున ఉన్న తాణిప్పారైకి చేరేసరికి తూర్పు తెల్లబడింది. కొండలు ఇంత దగ్గరగా, ఇంత ఎత్తుగా ఉంటాయని శంకర రాజా అనుకోలేదు. అంగళ్ల మధ్య నుంచి జనం అడివి గేటు వైపు నడుస్తున్నారు. ఆయన భుజాన కమలం మూట. దాంట్లో ఇడ్లీ, నీళ్లు, ఒక దుప్పటి. ఆడవాళ్లు వెనకే వస్తూ ఊరుకోలేదు.

"ముదలాళీ, కూలి ఎంత?"

"లోడింగ్‌కి ఒక రేటు, అన్‌లోడింగ్‌కి ఒక రేటు," అన్నాడు.

"నా మూట కూడా ఎత్తుకుంటే?"

"జి.ఎస్.టి. పడుతుంది."

గేటు దగ్గర మూట కమలానికి అందించాడు. చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. కూర్చోని కూర్చోని పో, వేగంగా పోవద్దు, రాయి మీద నాచు ఉంటాది. ఏదీ చెప్పకముందే ఆమె "పోయి వస్తా" అని గేటు దాటింది. యాభై దాటిన ఆడది, నైలెక్సు చీర మోకాలి దాకా ఎగదోపుకుని, చేత కర్ర పట్టుకుని, బడి వదిలిన పిల్లలా వెళ్లిపోయింది. మొదటి మలుపు దగ్గరైనా తిరిగి చూస్తుందని ఆయన నిలబడ్డాడు. చూడలేదు.

ఆ పగలు చాలా పొడుగైంది. ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. శొంఠి వేసిన సుక్కు కాఫీ అంగడిలో కూర్చున్నాడు, కూర్చోలేకపోయాడు. గేటు దాకా నడిచాడు, వెనక్కి వ్యాను దాకా నడిచాడు. మామిడితోపుల పక్కన బాట సమంగా ఉంది, దాని వెంట చివర దాకా పోయి వచ్చాడు. కొండ దిగి వచ్చేవాళ్లను ఆపి, నీలం చీర, చేత కర్ర, చూసినారా అని అడిగాడు. అందరి చేతిలోనూ కర్రే ఉంది. ఎనిమిదేళ్లుగా ఆమె గురించి చెప్పిన మాట ఇప్పుడు ఆయన మీదికే తిరిగింది: నీకు షుగర్ ఉండాది కదే. ఇంట్లో జిలేబీ తింటూ అన్నప్పుడు ఆ మాట చాలా తేలిక. ఇక్కడ అదే మాట ఆయనను ఒక్క చోట నిలవనివ్వలేదు.

పొద్దు వాలుతుండగా ఆడవాళ్ల జట్టు కనిపించింది. ముందు వెళ్ళయమ్మాళ్, వెనక మిగతావాళ్లు. కమలం లేదు.

ఆయన గేటు కమ్మీ పట్టుకున్నాడు. "వెళ్ళయమ్మా! కమలం ఏది?"

"వస్తుండాది ముదలాళీ."

"ఎక్కడ వస్తుండాది? ఏమైంది? కళ్ళు తిరిగినాయా?"

"తిరిగినాయి."

ఆయన కమ్మీ వదిలి గేటు లోపలికి అడుగు వేశాడు.

"ఆమెకి కాదు," అంది వెళ్ళయమ్మాళ్, వెనక్కి చెయ్యి చూపిస్తూ.

మలుపు తిరిగి కమలం వస్తోంది. ఒక భుజాన తన మూట, రెండో భుజాన పెద్ద ట్రావెల్ బ్యాగు. ఆమె పక్కన ఒక బొద్దుగా ఉన్న కుర్రాడు, ఆమె కర్ర తాను పట్టుకుని కుంటుకుంటూ, నోట్లో కడలమిఠాయి నములుతూ వస్తున్నాడు. గేటు దాటాక బ్యాగు వాడికి అప్పగించి, "ఇంక వ్యాను దాకా నువ్వే పోతావా?" అని అడిగింది. వాడు సిగ్గుపడి దండం పెట్టి వెళ్లిపోయాడు.

"ఎవరే వాడు?"

"తళవాయిపురం పిల్లోడు. కంప్యూటర్ పనంట. దిగేటప్పుడు రాయి మీద కూలబడినాడు. షుగర్ లేదంట, బి.పి. లేదంట. నడక కూడా లేదంట."

శంకర రాజా నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. చెమటకు జుట్టు నుదుటికి అంటుకుంది, కాళ్ల నిండా దుమ్ము. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ ముఖంలో అంత వెలుగు ఆయన చూడలేదు. అందుకు ఎవరు అడ్డమో ఆయనకు బాగానే తెలుసు.

"ఎట్ల ఉండాది పైన?"

"చెప్పను రాదు. మీరే వచ్చి చూడాల." బాట పక్కన కాలువ గట్టు మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టింది. "ఒకచోట నుంచి మా మంసాపురం పక్క కనపడింది. మా నాయన పొలం ఏదో తెలియలేదు. అన్నీ చాపంత చాపంత ఉండాయి. నేను చిన్నప్పుడు ఆడ నిలబడి ఈడికి చూసినా కదా, ఈ రోజు ఈడ నిలబడి ఆడికి చూసినా."

ఆయన పక్కన కూర్చున్నాడు. చెప్పులు విప్పి తన కాళ్లూ నీళ్లలో పెట్టాడు. తర్వాత అన్నాడు, "డాక్టరు ఒప్పుకుంటే, వచ్చే ఏడు మాసికి నేనూ వస్తా."

"వచ్చే ఏడు మాసి సంగతి వచ్చే ఏడు. రేపు పొద్దున ఐదున్నరకి లేవాల."

"రేపా? ఇప్పుడే కదే కొండ దిగినావు. ఒక రోజు సెలవు లేదా?"

"నాకు ఉండాది. మీకు లేదు."

కాలువలో ముఖం కడుక్కుంటున్న వెళ్ళయమ్మాళ్ తల తిప్పింది. "ఏమి, ముదలాళి మా జట్టులో చేరతారా? మంచిదే. కానీ మాకు ఒక క్రమం ఉండాది. కొత్తగా వచ్చేవాళ్ళు కడాసిలో, అందరి వెనక నడవాల."

"కడాసిలోనా? నేనా?" శంకర రాజా మీసం సవరించుకున్నాడు. "నడుమ ఎక్కడైనా చూడండి."

"కడాసి."

"చివరి నుంచి రెండోది?"

"కడాసి, ముదలాళీ."

ఆయన కమలం వైపు చూశాడు. ఆమె నీళ్లలో కాళ్లాడిస్తూ, తనకేమీ పట్టనట్టు కొండ వైపు చూస్తోంది.

"సరి," అన్నాడు.

పంజు మార్కెట్‌లో ముప్పై ఏళ్లుగా వ్యాపారం చేసిన శంకర రాజా, ఎదుటివాళ్లు మొదట చెప్పిన రేటుకే ఒప్పుకోవడం అదే మొదటిసారి.